ప్యాచ్ మీద వేడి పడనివ్వకండి: ఇంట్లో మార్ఫిన్ మందులు వాడేవాళ్లకు

మీ ఇంట్లో ఎవరికైనా నొప్పికి ఫెంటనిల్ ప్యాచ్ (మార్ఫిన్ లాంటి మందు ఉండే, చర్మానికి అంటించే పట్టీ) అంటించి ఉంటే, ఆ చోట కాపడం పెట్టకండి. వేడినీళ్ల బ్యాగు వద్దు, హీటింగ్ ప్యాడ్ వద్దు, బామ్ రాసి రుద్దడం వద్దు. మిగతాదంతా రేపు తీరిగ్గా చదువుకున్నా పర్లేదు. ఈ ఒక్కటి మాత్రం ఇప్పుడే ఇంట్లో అందరికీ చెప్పండి. పరామర్శకు వచ్చి "కాస్త కాపడం పెట్టమ్మా, నొప్పి లాగేస్తుంది" అనే పెద్దవాళ్లకు మరీ మరీ చెప్పండి.

నేను పాలియేటివ్ కేర్ నర్సుని. ముదిరిన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. క్యాన్సర్ ముదిరినవాళ్ల ఇళ్లకు వెళ్లి నొప్పి ఎలా ఉందో, పుండు ఎలా ఉందో, మోషన్ అవుతోందో లేదో, రాత్రి నిద్ర పట్టిందో లేదో చూసుకోవడం నా పని. నొప్పి మందుల గురించి ఇళ్లలో నన్ను అడిగే ప్రశ్నల్లో చాలావరకు రక్తప్రసరణ చుట్టూనే తిరుగుతాయి. "మాత్ర వేస్తే ముఖం వేడెక్కుతోంది సిస్టర్" అంటారు. "లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి" అంటారు. ఈమధ్య చదువుకున్న పిల్లలు "మార్ఫిన్ వల్ల క్యాన్సర్ గడ్డకు కొత్త రక్తనాళాలు పుడతాయట కదా" అని కూడా అడుగుతున్నారు. ఈ మూడూ వేరువేరు సంగతులు. మూడింటినీ కలిపేసుకుని, భయపడి మందు ఆపేసిన ఇళ్లు చూశాను. అందుకే విడదీసి రాస్తున్నాను.

ముందు ప్యాచ్ సంగతి

ప్యాచ్‌లోని మందు నేరుగా రక్తంలోకి పోదు. ముందు చర్మంలోకి దిగి అక్కడ కొంత నిల్వ ఉంటుంది. చర్మం కింద ఉండే సన్నటి రక్తనాళాలు దాన్ని కొంచెం కొంచెంగా తీసుకెళ్తాయి. అందుకే మొదటిసారి ప్యాచ్ వేసినప్పుడు పూర్తిగా పని చేయడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఒక ప్యాచ్ మామూలుగా 72 గంటలు, అంటే మూడు రోజులు పని చేస్తుంది.

ఇప్పుడు ఆ చోట వేడి తగిలిందనుకోండి. చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, అక్కడికి వచ్చే రక్తం పెరుగుతుంది. కాలవ గేటు ఇంకాస్త ఎత్తినట్టే, మూడు రోజులకు సర్దాల్సిన మందు గబగబా ఒంట్లోకి వెళ్లిపోతుంది. మనిషి మగతలోకి జారుకుంటాడు, ఊపిరి నెమ్మదిస్తుంది. ప్రాణం మీదికి రావచ్చు. ఇది ఊహించి చెప్పే మాట కాదు. వేడి తగిలి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి కాబట్టే మందు కాగితం మీద ఈ హెచ్చరిక అచ్చు వేస్తున్నారు.

కాబట్టి ప్యాచ్ వేసేటప్పుడు ఇలా చేయండి. ఛాతీ పైభాగం, వీపు, భుజం కింద చేయి, ఈ మూడింట్లో ఎక్కడైనా సమంగా ఉన్న చోటు చూసుకోండి. మతిమరుపు ఉన్నవాళ్లకూ, గీకి పీకేసుకునేవాళ్లకూ వీపు పైభాగం మంచిది, చేయి అందదు. వెంట్రుకలుంటే కత్తెరతో కత్తిరించండి, బ్లేడుతో గీయొద్దు. గీస్తే చర్మం చిట్లి మందు ఎక్కువ లాగుతుంది. ఒట్టి నీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. సబ్బు, కొబ్బరినూనె, పౌడరు, స్పిరిట్ ఏదీ పూయొద్దు. అంటించాక అరచేత్తో అర నిమిషం గట్టిగా అదిమి పట్టుకోండి. అంచులు వేలితో తడిమి చూడండి. తేదీ, టైము క్యాలెండర్ మీద రాయండి. పాతది తీశాకే కొత్తది, అది కూడా వేరే చోట. రెండు ప్యాచ్‌లు ఒంటి మీద ఉండిపోవడం నేను అనుకున్న దానికంటే ఎక్కువ ఇళ్లలో కనిపించింది. చొక్కా మార్చేటప్పుడు వీపు కూడా చూడాలి. సగం డోసు చాల్లే అనుకుని ప్యాచ్‌ను కత్తిరించడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఇక మన ఎండల మాట. రామగుండం, కొత్తగూడెం వైపు మే నెలలో 45 డిగ్రీలు మామూలే. రేకుల ఇల్లయితే మధ్యాహ్నం లోపల మంచం పట్టెలు కూడా చురుక్కుమంటాయి. ప్యాచ్ ఉన్న మనిషిని అలాంటి గదిలో పడుకోబెట్టకండి. మంచం గోడ పక్కనుంచి జరిపి కూలర్ గాలి తగిలేలా వేయండి. పడమటి గోడ అయితే మరీనూ. మధ్యాహ్నం ఎండలో ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లకుండా పొద్దున్నే బయల్దేరండి. స్నానానికి గోరువెచ్చని నీళ్లు చాలు. నూనె రాసి మర్దనా చేయాలనిపిస్తే కాళ్లకు చేయండి, ప్యాచ్ దగ్గరికి వెళ్లొద్దు.

బయటి వేడే కాదు, జ్వరం కూడా వేడే. ఒంటి వేడి 40 డిగ్రీలకు చేరితే రక్తంలో ఫెంటనిల్ మోతాదు సుమారు మూడో వంతు పెరగొచ్చని మందు వివరాల్లో ఉంటుంది. పాత థర్మామీటర్లో అది 104. అంతవరకూ ఆగకండి. 102 దాటితే మీ పాలియేటివ్ కేర్ టీముకు ఫోన్ చేయండి, డాక్టర్ చెప్పిన జ్వరం మాత్ర వేయండి, తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. ఆ రోజంతా మనిషి ఊపిరి గమనిస్తూ ఉండండి.

ఊపిరి గమనించడం అంటే ఛాతీ మీద చేయి వేసి నిమిషం పాటు లెక్కపెట్టడం. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. మామూలుగా 12 నుంచి 20 మధ్య ఉంటుంది. 8కి పడిపోయినా, భుజం తట్టి పిలిచినా కళ్లు తెరవకపోయినా, ఎప్పుడూ లేని విధంగా గురక పెడుతున్నా, కంటిపాపలు సూదిమొనంత అయిపోయి పెదవులు నల్లబడుతున్నా వెంటనే ప్యాచ్ పీకేసి 108కి ఫోన్ చేయండి. ప్యాచ్ వాడుతున్నారని, ఏ టైముకి తీశారో ఆ టైముతో సహా, వచ్చినవాళ్లకు చెప్పండి. తీసేశాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. చర్మంలో నిల్వ ఉన్న మందు ఆ తర్వాత కూడా చాలా గంటలపాటు రక్తంలోకి వస్తూనే ఉంటుంది.

మాత్ర వేశాక ముఖం వేడెక్కితే

మన దగ్గర ఎక్కువమంది వాడేది ప్యాచ్ కాదు, మార్ఫిన్ మాత్ర. నాలుగు గంటలకోసారి వేసుకునేది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి గుర్తింపు పొందిన చోట్ల ఇస్తారు. మార్ఫిన్ వల్ల రక్తనాళాలు కొంచెం వెడల్పవుతాయి. చర్మంలోని మాస్ట్ కణాలు అనే చిన్న కణాల నుంచి హిస్టమిన్ బయటికి రావడం దీనికి ఒక కారణం. దురద పుట్టించేదీ, దద్దుర్లు లేపేదీ ఆ హిస్టమినే. అందుకే ముఖం, మెడ, ఛాతీ పైభాగం వెచ్చబడతాయి, చెమట పడుతుంది, ముక్కు దగ్గర దురద పెడుతుంది. ఇంజెక్షన్‌కి ఇది ఎక్కువ, మాత్రకు తక్కువ. ఫెంటనిల్‌కి హిస్టమిన్ ఊసు దాదాపు లేదు.

పుస్తకాల్లో "చర్మం ఎర్రబడుతుంది" అని రాసి ఉంటుంది. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కనపడదు. ముఖం చూసి ఏమీ లేదనుకోకండి. మీ చేతి వెనకవైపుతో ఆ మనిషి మెడ, చెవి తమ్మె తాకండి, తర్వాత మోచేయి తాకండి. తేడా తెలుస్తుంది. జ్వరం కాదని థర్మామీటర్‌తో నిర్ధారణ చేసుకోండి.

ఇది ఎలర్జీయా కాదా అని అందరూ టెన్షన్ పడతారు. వెచ్చదనం, చెమట, కొంచెం దురద, ఇంతవరకే అయితే ఎలర్జీ కాదు. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. నూలు బట్టలు వేయండి, గోళ్లు కత్తిరించండి, స్నానం అయ్యాక ఒంటి మీద తడి ఉండగానే కొబ్బరినూనె పలచగా రాయండి. ప్యాచ్ లేనివాళ్లకు మాత్రమే ఈ నూనె సలహా, గుర్తుందిగా. అయితే ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా అది వేరే సంగతి. ఆ మాత్ర మళ్లీ వేయకుండా ఆసుపత్రికి పరిగెత్తండి.

దురదకని మెడికల్ షాపులో సెట్రిజిన్, ఏవిల్ కొనుక్కొచ్చి వేసేయకండి. అవి కూడా మగత తెచ్చే మందులే, మార్ఫిన్ మగతకు తోడవుతాయి. పైగా మార్ఫిన్ దురద మొత్తం హిస్టమిన్ వల్లే వచ్చేది కాదు, కొంత నరాల ద్వారా వస్తుంది. అలాంటప్పుడు ఆ మాత్రలు పెద్దగా పని చేయవు కూడా. ఫోన్ చేసి అడగండి. అవసరమైతే డాక్టర్ నొప్పి మందునే మారుస్తారు.

లేచేటప్పుడు

రక్తనాళాలు వదులైనప్పుడు, పడుకున్న మనిషి టక్కున లేస్తే రక్తం కాళ్లలోకి జారి తలకు తక్కువ అందుతుంది. కళ్లు బైర్లు కమ్ముతాయి, తూలి పడతారు. మొదలుపెట్టిన కొత్తలో, డోసు పెంచినప్పుడు ఇది ఎక్కువ. బీపీ మాత్రలు వాడేవాళ్లకు, ఒంటినీరు తగ్గడానికి మాత్రలు వేసుకునేవాళ్లకు, వాంతులయ్యి నీళ్లు తాగనివాళ్లకు ఇంకా ఎక్కువ. ఎముకలకు క్యాన్సర్ పాకినవాళ్లు ఒక్కసారి పడితే తొడ ఎముక విరగొచ్చు, ఆ తర్వాత మంచానికే పరిమితం కావచ్చు. అందుకే నేను మాత్ర డోసు గురించి ఎంతసేపు చెప్తానో, మంచం దిగడం గురించీ అంతసేపు చెప్తాను.

ముందు పక్కకు తిప్పండి. కాళ్లు మంచం కిందికి దించి, మోచేయి ఆనించి కూర్చోబెట్టండి. రెండు మూడు నిమిషాలు అలాగే కూర్చోనివ్వండి. ఆలోపు పాదాలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించమనండి, పిక్కల్లో ఉన్న రక్తం పైకి కదులుతుంది. మీరు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి నడుము దగ్గర పట్టుకోండి. నిలబడ్డాక కూడా నడిచే ముందు కాసేపు ఆగండి. కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే కూర్చోబెట్టండి, ఇంకో రెండడుగులేగా అని లాక్కెళ్లొద్దు.

ఎక్కువమంది పడేది రాత్రి ఒంటేలుకు లేచినప్పుడు. కొడుకుని నిద్ర లేపడం ఇష్టంలేక నాన్న ఒక్కడే గోడ పట్టుకుని వెళ్తాడు. మంచం పక్కనే కమోడ్ కుర్చీ గానీ యూరిన్ క్యాన్ గానీ పెట్టండి, చిన్న బెడ్‌లైటు వెలిగించి ఉంచండి, గడప దగ్గర పట్టా తీసేయండి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఒకసారి చూడండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే ఆ రెండు అంకెలూ రాసి మాకు చెప్పండి. చాలాసార్లు మార్ఫిన్ తగ్గించక్కర్లేదు. మనిషి పాతిక కిలోలు చిక్కిపోయినా ఎప్పటిదో బీపీ మాత్ర అదే డోసులో నడుస్తూ ఉంటుంది. డాక్టర్ దాన్ని తగ్గిస్తే సరిపోతుంది.

తలకు సంబంధించి ఒక్క మాట. ఊపిరి మరీ నెమ్మదిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దానివల్ల మెదడులో రక్తనాళాలు వెడల్పయి తలలో ఒత్తిడి పెరుగుతుంది. మెదడులో గడ్డ ఉన్నవాళ్లకు, తలకు దెబ్బ తగిలినవాళ్లకు అందుకే ఈ మందులు చాలా జాగ్రత్తగా ఇస్తారు. కొత్తగా తలనొప్పి, పొద్దున్నే వాంతులు మొదలైతే ఆరోజే చెప్పండి.

"మార్ఫిన్ క్యాన్సర్‌ని పెంచుతుందట"

జనగామ వైపు ఒక ఇంట్లో పెద్దాయనకు వెన్నెముకలో సెకండరీలు, అంటే వేరే చోటి క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. మాత్రలతో నొప్పి అదుపులో ఉంది, మనవరాలితో అష్టాచెమ్మా ఆడుతున్నాడు. తర్వాత వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కుడిచేత్తో ఇనప మంచం పట్టెను బిగించి పట్టుకున్నాడు. వేళ్ల కణుపులు తెల్లగా పాలిపోయాయి. పేరు పెట్టి పిలిస్తే "ఊ" అనడానికి కూడా పళ్లు బిగపట్టాల్సి వస్తోంది. కొడుకు ఫోన్‌లో ఏదో చదివి మాత్రలు ఆపేశాడు. "సిస్టర్, మార్ఫిన్ వల్ల గడ్డకు రక్తసరఫరా పెరుగుతుందని అమెరికాలో కనిపెట్టారు. మేమే నాన్నకి విషం పెడుతున్నామా?" అన్నాడు. తండ్రి మీద ప్రేమతోనే ఆపాడు. అతను చదివింది అబద్ధం కూడా కాదు. కానీ సగమే చదివాడు.

గడ్డ పెరగాలంటే దానికి రక్తం కావాలి. కొత్త రక్తనాళాలు పుట్టడాన్ని యాంజియోజెనెసిస్ అంటారు. 2002లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో కల్పనా గుప్తా బృందం, రోగుల రక్తంలో ఉండేపాటి మోతాదులో మార్ఫిన్ ఇస్తే రక్తనాళాల లోపలి పొర కణాలు పెరుగుతాయని చూపించింది. మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలు ఎక్కించిన ఎలుకల్లో గడ్డ పెద్దదైంది. కొడుకు చదివిన సగం ఇదే.

మిగతా సగం ఇది. 2010లో అదే మిన్నెసోటా యూనివర్సిటీ నుంచి సబితా రాయ్ బృందం ఎలుకల మీదే చేసిన పరిశోధనలో మార్ఫిన్ గడ్డలో రక్తనాళాలు పుట్టడాన్ని తగ్గించింది. ఒకే ఊరు, ఒకే యూనివర్సిటీ, రెండు వ్యతిరేక ఫలితాలు. మోతాదు, ఎన్నాళ్లు ఇచ్చారు, ఏ రకం క్యాన్సర్, ఏ జాతి ఎలుక, వీటన్నిటినీ బట్టి ఫలితం మారుతుంది. ఎలుకల దాకా సంగతి ఇలా ఉంటే, మనుషుల్లో చూసినవాళ్లూ ఉన్నారు. డెన్మార్క్‌లో రొమ్ము క్యాన్సర్ చికిత్స చేయించుకున్న 34 వేలకు పైగా మహిళల వివరాలు పరిశీలించి 2015లో ప్రచురించారు. ఈ నొప్పి మందులు వాడినవాళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువేమీ కాలేదు.

అందుకే ఇలాంటి వార్త కనిపించినప్పుడు మూడు సంగతులు వెతకండి. ఇది గాజు గిన్నెలో కణాల మీద చేశారా, ఎలుకల మీదా, మనుషుల మీదా? దీనికి ఎదురు ఫలితం ఎవరికైనా వచ్చిందా? మందు ఆపితే ఆ మనిషికి ఏమవుతుందో అందులో రాశారా? మూడోది దాదాపు ఎప్పుడూ ఉండదు. నొప్పితో ఉన్న మనిషి తినడు, నిద్రపోడు, కదలడు. కొన్ని వారాలుగా వాడుతున్న మార్ఫిన్ ఒక్కసారిగా ఆపితే నొప్పికి తోడు ముక్కు కారడం, విరేచనాలు, ఒళ్లు గగుర్పొడవడం, ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం మొదలవుతాయి. ఇంకోవైపు, అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మొదటినుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్లు సగటున 11.6 నెలలు బతికారు, అందనివాళ్లు 8.9 నెలలు. మందు ఆపి కాపాడగలిగే ప్రాణం కంటే నొప్పి తీర్చి నిలబెట్టే రోజులే ఎక్కువని నా గట్టి నమ్మకం.

ఈ పరిశోధనలు వృథా అని నేననడం లేదు. అవి జరగాలి. ఆపరేషన్ టైములో ఏ మత్తు, ఏ నొప్పి మందు మేలన్న ప్రశ్నను డాక్టర్లు ఇంకా చూస్తున్నారు. ఆ ప్రశ్న మీ సర్జన్‌ని అడగండి, సమాధానం వచ్చేదాకా మాత్ర ఆపకండి. ఆ పెద్దాయనకు డాక్టర్ ఫోన్‌లో చెప్పిన డోసుతో ఆ సాయంత్రమే మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం. మీ ఇంట్లో ఎప్పుడైనా ఆగిపోతే మీ అంతట మీరు పాత డోసు వేసేయకండి. నాలుగైదు రోజుల విరామం తర్వాత అదే డోసు ఎక్కువైపోవచ్చు.

రక్తనాళాలు పెరగడం చెడ్డ విషయమే అని కూడా అనుకోకండి. కల్పనా గుప్తా బృందమే 2005లో, రక్తం సరిగా అందని గాయాల మీద ఈ మందులను పైపూతగా రాస్తే ఎలుకల్లో గాయం త్వరగా మానిందని చెప్పింది. దీన్ని చదివి ఇంకో పొరపాటు జరగొచ్చు కాబట్టి చెప్తున్నా. పుండు వాసన తగ్గడానికి మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి చల్లమని మేమే చెప్తాం. అలాగే మార్ఫిన్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లొద్దు. తెరిచి ఉన్న పుండులోంచి ఎంత మందు రక్తంలోకి పోతుందో ఎవరూ లెక్క కట్టలేరు. నొప్పి పుండుకు పైపూతగా వాడే జెల్ వేరే తయారు చేస్తారు, డాక్టర్‌ని అడగండి.

మందు దాచడం, మిగిలితే ఇచ్చేయడం

మార్ఫిన్ మాత్రతోపాటు రాసిచ్చిన విరేచనం మందు మొదటి రోజు నుంచే వేయాలి. మిగతా ఇబ్బందులు కొద్ది రోజుల్లో తగ్గుతాయి, మలబద్ధకం మాత్రం మాత్ర వాడినన్నాళ్లూ ఉంటుంది. మాత్రలు తాళం వేసిన పెట్టెలో పెట్టండి. పక్కింటాయన నడుం నొప్పికి "ఒక్కటివ్వండమ్మా" అంటే ఇవ్వకండి, అలవాటు లేని ఒంటికి అదే డోసు ప్రమాదం. ఊరెళ్లేటప్పుడు ఆసుపత్రి చీటీ, డిశ్చార్జ్ కార్డు జిరాక్స్ వెంట ఉంచుకోండి. ఇవి 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) కింద ఉన్న మందులు, దారిలో ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి. 2014లో ఆ చట్టాన్ని సవరించి వైద్యానికి తప్పనిసరి అయిన నార్కోటిక్ (మార్ఫిన్ లాంటి) మందులకు దేశమంతటా ఒకే రకం నిబంధనలకు దారి వేశారు. చీటీతో వాడుకునేవాళ్లు తప్పు చేసినట్టు తల దించుకోవాల్సిన పనే లేదు.

తీసేసిన ప్యాచ్‌లో ఇంకా మందు మిగిలే ఉంటుంది. జిగురు వైపు లోపలికి వచ్చేలా రెండుగా మడిచి, పిల్లల చేతికి అందని డబ్బాలో వేయండి. నేల మీద పడిన ప్యాచ్ పాకే బిడ్డ అరికాలికి అంటుకుంటే చాలు, ప్రాణం పోవచ్చు. ఆ డబ్బా, మిగిలిన మాత్రలు మందు ఇచ్చిన సెంటర్‌కే తిరిగి తెచ్చివ్వండి. మనిషి పోయిన ఇంటినుంచి పది రోజులు గడిచాక తెచ్చినా తీసుకుంటాం. మాత్రలు లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాసుకుని మీ సంతకం తీసుకుంటాం.